బొటనవేలే ఎందుకు?

కరోనా మొదటి ఏడు, లాక్‌డౌన్ సడలి ఖాతాలు తెరిచిన కొన్నాళ్లకు, ఒక ఉదయం మా ఆయన మంచం దిగలేకపోయాడు. కుడికాలి బొటనవేలి మొదలు ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతోంది. దుప్పటి అంచు తగిలినా అరిచాడు.

ఖాతా అంటే సూరత్‌లో మగ్గాల షెడ్డు. కరెంటుతో నడిచే ఆ మగ్గాలను మేం సాంచెలంటాం. లాక్‌డౌన్‌లో ఊళ్లకు వెళ్లిన పనివాళ్లలో చాలామంది ఇంకా తిరిగి రాలేదు. అందుకని సేటు మా ఆయనకు ఎనిమిది సాంచెల బదులు పన్నెండు అప్పగించాడు. ఆయనకు అది గర్వం, నాకు ఆశ. కాలు సంగతి చెబితే, వారంలో రాకపోతే ఎక్కువ ఇచ్చిన నాలుగూ వేరేవాళ్లకు ఇస్తానని సేటు ఫోన్‌లో చెప్పేశాడు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా సూరత్‌లో మేముండే వడోద్‌లో, మా గల్లీ చివర తెలుగువాళ్లు నడిపే గ్రంథాలయంలోనిది. మూడు బీరువాలు, ఒక బల్ల. అందులో నేను తెరవని పుస్తకం లేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను. లాక్‌డౌన్‌కు ఆ గది మూతపడే ముందు తెచ్చుకున్న లావుపాటి ఆరోగ్య పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది.

కీళ్ల అధ్యాయం తీశాను. మొదటి పేజీలో 'అరుగుదల' అని కనిపించగానే అంతా తెలిసిపోయిందనిపించింది. పన్నెండు గంటలు సిమెంటు నేల మీద నిలబడే మనిషికి కీలు అరగక ఏమవుతుంది? పుస్తకం మూసి వేడి ఉప్పునీళ్ల కాపడం మొదలుపెట్టాను. అత్తమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి, "పాయ తాపియ్యి బిడ్డా, కీళ్లల్ల గుజ్జు పడ్తది" అంది. మేక కాళ్ల పులుసు రెండు పూటలా పోశాను. మూడో రోజుకు వాపు పాదం మీదికి పాకింది.

"నీ లైబ్రరీ పాడుగాను! కాలు గిట్ల ఉడకబెడుతున్నవేందే, అదేమన్న పాయనా?" అన్నాడు.

సిగ్గేసింది. దాని వెనకే ఒక ప్రశ్న వచ్చింది. నిలబడేది రెండు కాళ్ల మీద కదా, ఒక్క వేలే ఎందుకు? అదీ తెల్లారేసరికి ఎందుకు?

ఈసారి అధ్యాయం చివరిదాకా చదివాను. అరుగుదల నెమ్మదిగా వస్తుందట. ఒంటిని కాపాడే శక్తే పొరబడి కీళ్ల మీద పడితే, తరచుగా రెండు చేతుల వేళ్లూ పొద్దున్నే బిగుసుకుంటాయట. దెబ్బ తగిలినా వాస్తుంది. క్రిములు చేరితే జ్వరంతో వాస్తుంది, అప్పుడు ఆలస్యం చేయకూడదు. ఆ తర్వాతి పేజీలో ఉంది బొటనవేలు. రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువైతే సూదుల్లాంటి పలుకులై కీలులో చేరుతుందట. ఒంట్లో చల్లగా ఉండే చోటు గనుక పాదాల్లో ముందు కడుతుందట. చక్కెర పాకం చల్లారి పలుకు కట్టడం ఎన్నిసార్లు చూశానో! ఒంట్లోనూ అదే జరుగుతుందా అని ఆ పేజీ మళ్లీ మళ్లీ చదివాను. కారణాల్లో మాంసం, మద్యం, తీపి పానీయాలు, వంశం ఉన్నాయి. నీళ్లు తక్కువ తాగడమూ ఉంది.

"పనిల నీళ్లు ఎన్ని తాగుతవ్?" అని అడిగాను.

"తాగ."

"అస్సలుకేనా?"

"తాగితే పోవద్దా? బాత్రూం కింద ఉంటది. నేను పోయొచ్చేసరికి నాలుగు సాంచెలల్ల పోగులు తెగుతయ్. అందరు గంతే. కారిగార్ అంటే ఊకూకె కిందికి ఉరుకుతడా?"

ఇరవై ఏళ్లుగా ఆయనకు డబ్బా కడుతున్నాను. షిఫ్టులో నీళ్లు ముట్టకపోవడం కారిగార్లకు, అంటే సాంచెలు నడిపేవాళ్లకు, పనితనమని నాకు ఆ రోజే తెలిసింది.

ఆటోలో తెలుగు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కుర్రవాడు. చదివిందంతా అప్పజెప్పాను. మాస్కు సర్దుకుంటూ విన్నాడు.

"మీరన్నదే కావచ్చమ్మా. కానీ పుస్తకం చూసి తేల్చేయకూడదు, రక్తం పరీక్ష చేద్దాం. కాపడం ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఈ వాపు మీద వేడి వద్దు. గుడ్డలో మంచు చుట్టి కాసేపు పెట్టండి. కాలు ఎత్తులో ఉంచండి."

"పాయా?"

"అది కూడా మీరేనా?"

మూడు రోజుల తర్వాత మొదటిసారి మా ఆయన నవ్వాడు.

నా అనుమానమే నిజమైంది. డాక్టరిచ్చిన మాత్రలు, మంచు, విశ్రాంతి, చెంబులకొద్దీ నీళ్లు. ఇంకో అయిదు రోజులకు గాని కాలికి చెప్పు పట్టలేదు. అప్పటికి వారం దాటింది. సేటు నాలుగు సాంచెలు వేరేవాళ్లకు ఇచ్చేశాడు, ఎనిమిదే మిగిలాయి. కాపడంతో, పాయతో నేను పోగొట్టిన మూడు రోజులే ఆ నాలుగు సాంచెలు. ఆయన ఆ మాట అనలేదు. రెండు లీటర్ల సీసా చేతికిస్తే మాత్రం గొణుక్కుంటూ పట్టుకుపోయాడు.

సాయంత్రం సీసా ఖాళీగా వచ్చింది.

"పక్క సాంచెలాయన నవ్విండే. 'ఏందన్నా, డుమస్ బీచికి పిక్నిక్ వచ్చినవా' అన్నడు. 'నా సాంచెలు ఎనిమిదే గదా, జర చూడు' అని నేను కిందికి పోయొచ్చిన."

"అన్ని నీళ్లు నువ్వే తాగినవా?"

"సగం నేను. సగం ఆ నవ్వినోడు."

"కరోనాల ఒక్క సీసనా!"

"ఎత్తి పోసుకున్నడు తియ్యే."

మర్నాడు రెండు సీసాలు నింపాను.