పందెం ముందు విరిగిన తుమ్మముల్లు

1957లో నేను తిరువూరు ఆస్పత్రిలో నర్సుని. ఉద్యోగానికి కొత్త. ఆ ఏడు హైస్కూలు ఆటల పోటీలకు మందుల పెట్టె ఇచ్చి నన్ను పంపారు. ఆడపిల్లలకు పరుగు పందెం పెట్టడం ఆ బడిలో అదే మొదలు. పేర్లిచ్చింది నలుగురే. అందులో బజారులో బట్టలు కుట్టే కరీం సాయిబు కూతురు మీరాబీ ఒకతె.

పందేనికి పిలవబోతుండగా ఆ పిల్ల కుంటుకుంటూ నా దగ్గరికొచ్చింది. తుమ్మముల్లు మడమలో దిగి, లోపలే విరిగింది. వెనకే తండ్రి వచ్చాడు.

"ఇంక చాలమ్మా, ఇంటికి పోదాం పద. అందరూ వద్దంటున్నా ఈ ఒక్కసారికని ఒప్పుకున్నాను. అల్లాయే ఆపాడనుకో" అన్నాడు.

మీరాబీ నాకేసి తిరిగింది. "తీసేయండి నర్సమ్మగారూ. ఇవాళ పోతే నన్నింక పరిగెత్తనివ్వరు."

ముల్లుముక్క లోపలుంటే చీము పడుతుంది, పరుగు మాటే లేదు. పూర్తిగా వస్తే గాయం చిన్నదే. "ముందు తీయనివ్వండి సాయిబుగారూ. ఏమాత్రం మిగిలినా నేనే వద్దంటాను" అన్నాను.

సంగతి విని డ్రిల్లు మాస్టారు మగపిల్లల లాంగ్ జంప్ ముందు పెట్టించారు. మిగతా ముగ్గురు పిల్లలూ, "మీరాబీ వచ్చాకే పరిగెడతాం సార్" అన్నారట.

సూదితో చర్మం కాస్త విప్పి, ఫోర్సెప్స్‌తో, అంటే సన్నటి పటకారుతో, ముల్లు లాగాను. మొన చెక్కుచెదరలేదు. లోపలేమీ లేదన్నమాట. అరచేతిలో పెట్టి తండ్రికి చూపించాను. టింక్చర్ అయోడిన్ రాస్తే మీరాబీ పళ్ళు బిగబట్టింది.

తీరా కట్టు కడితే నాలుగడుగులకే జారిపోయింది. దుమ్మూ చెమటా పట్టిన కాలికి ప్లాస్టరు అంటుకోలేదు. పిన్ను పెడితే గుచ్చుకుంటుంది.

కరీం సాయిబు ఒక్క క్షణం కూతురి ముఖం చూశాడు. తర్వాత నేలమీద కూర్చుని, ఆ పాదం తన ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను మళ్ళీ చుట్టిన కట్టు కొసను తన జేబులోని సూదీదారంతో కుట్టేశాడు.

"ఊడదు. పరిగెత్తు" అన్నాడు.

మొదట్లో మీరాబీ అందరికన్నా వెనకబడింది. సగం దాటాక అందుకుంది. రెండోదిగా గీత దాటింది. గెలిచిన పిల్ల వెనక్కొచ్చి ఆమెను వాటేసుకుంది. కరీం సాయిబు కళ్ళు తుడుచుకుని డ్రిల్లు మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. "వచ్చే ఏడు కూడా ఆడపిల్లలకు పెడతారాండీ?" అని అడిగాడు.

తర్వాత తండ్రీకూతుళ్ళిద్దరినీ ఆస్పత్రికి తీసుకెళ్ళి, మీరాబీకి ధనుర్వాతం రాకుండా ఏ.టి.ఎస్. ఇంజక్షను వేయించాను.

వైద్యంలో వద్దనడం చాలా తేలిక. వద్దనే ముందు గాయాన్ని పూర్తిగా చూడాలని, ఆ మనిషి దేనికోసం ఆరాటపడుతున్నాడో వినాలని నాకు ఆ మైదానంలోనే తెలిసింది. నన్ను నమ్మి కాలు చేతికిచ్చిన ఆ పిల్లకు, ఆమె కోసం ఆగిన ముగ్గురికి, భయాన్ని దిగమింగి సూది పట్టిన ఆ తండ్రికి నేను ఇప్పటికీ రుణపడే ఉన్నాను.