మా వదిన పంపిన అదనపు పత్రాలు

మా వదిన ఒకసారి ఒక దేశాన్ని ఎదురుగా నిలబెట్టి టేపుతో కొలిచింది. నడుము దగ్గర రెండంగుళాలు వదులుందని తేల్చి, కుట్లు విప్పి, మళ్ళీ కుట్టి పంపింది. నమ్మకపోతే మీ ఖర్మ. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారితో మాటపట్టింపు వచ్చి చదువుకు సెలవిచ్చినవాణ్ణే గానీ నాకు అబద్ధమాడే అలవాటు లేదు. ఉన్న మాటకి కాస్త అంచు కుడతానంతే.

వదిన దర్జీ. మనిషి ఐదడుగులకు ఒక వేలు తక్కువ. ఆమె కుట్టుకొట్టుకీ నా జిరాక్సు కొట్టుకీ మధ్య ఒక్క చెక్కగోడ. అటు మిషను ఆగిందంటే ఇటు నా చేతిలో కాగితం ఆగుతుంది. పదకొండేళ్ళ వయసులో కుట్టుపనిలో చేరితే, పని నేర్పిన ముసలాయన ఏడాదిపాటు సూది ముట్టనివ్వకుండా పాత కోట్లు విప్పించాడట. విప్పడం రానిదే కుట్టడం రాదని ఆయన సిద్ధాంతం. ఆ ఏడాదిలో ఆమెకి అబ్బిన ఓపిక ముందు రాయి కూడా తొందరపాటు మనిషే.

ఆమెకొక పద్ధతుంది. ఎవరి కొలతలు రాసినా పక్కన తేదీ వేస్తుంది. ఆ గుడ్డలోంచే బొటనవేలంత ముక్క కత్తిరించి గుండుసూదితో గుచ్చుతుంది. రేపు ఎవరైనా వచ్చి "ఇది నేనిచ్చిన గుడ్డ కాదు, మార్చేశావ్" అంటే మాట్లాడదు. పుస్తకం తెరిచి ముక్క చూపిస్తుంది. "ప్యాంటు బిగుతుగా కుట్టావ్" అని ఎగిరిన పెద్దమనిషికి పాత కొలత చూపించి, "ప్యాంటు తగ్గలేదు సార్, మీరు పెరిగారు" అని పంపించిన మనిషి.

అలాంటి మనిషికి సముద్రం అవతల సూట్లు కుట్టే పెద్ద కార్ఖానాలో ఉద్యోగం వచ్చింది. ఆమె, మా అన్న, గుండీ, ముగ్గురికీ కలిపి ఆ దేశపు వీసాకి దరఖాస్తు పెట్టాం. అన్న బస్సుల మెకానిక్కు. రోజుకి రెండు మాటలు, అందులో ఒకటి దగ్గు. గుండీ వదిన అక్క కూతురు. అక్క పోయాక నాలుగేళ్ళ పిల్లని వదిన తెచ్చుకుంది. వచ్చిన వారానికే చొక్కా గుండీ ఒకటి మింగేసి ఆ పేరు సంపాదించింది. ఇప్పుడు పదిహేడు. తండ్రి వేరే సంసారం పెట్టుకున్నాడు. మళ్ళీ తొంగి చూడలేదు.

వీసా ఆఫీసువాళ్ళు మొదటి ఉత్తరంలో పోలీసు కాగితం అడిగారు, పంపాం. రెండోదాంట్లో పని అనుభవానికి రుజువడిగారు, పంపాం. మూడోది రెండుసార్లు చదివాను.

"ఏమంటున్నారయ్యా?" అంది వదిన గోడకి అటువైపు నుంచి.

"పిల్ల మీ దగ్గరే పెరిగిందనడానికి ఆధారాలు చాలవంట వదినా. బడి రికార్డులో వాళ్ళ నాన్న పేరు, వాళ్ళ నాన్న ఇల్లే ఉందట. పిల్లని మీకప్పగించిన కోర్టు కాగితం చూస్తే మొన్న మొన్నటిదట. ముప్పై రోజుల్లో అదనపు పత్రాలు పంపకపోతే గుండీ పేరు తీసేసి మీ ఇద్దరి దరఖాస్తే చూస్తారంట."

మిషను ఆగింది.

"తీసేస్తారా? అదేమన్నా దారప్పోగా, పళ్ళతో కొరికి పడేయడానికి?"

ఆ సాయంత్రం అన్న ఆ వారానికి సరిపడా మాటలు ఒకేసారి ఖర్చుపెట్టాడు. "ముందు మనం వెళ్దాం. తర్వాత పిలిపిద్దాం."

"ఒక చెయ్యి కుట్టకుండా ఎవరికైనా చొక్కా ఇచ్చానా నేను?" అంది వదిన.

గుండీ తల వంచుకునే అంది, "మీరెళ్ళండి పిన్నీ. నేను చిన్నబాబాయ్ దగ్గర ఉంటాలే."

"ఈ మనిషి దగ్గరా? నెల తిరక్కుండా నువ్వూ లెక్కల మాస్టారితో గొడవ పెట్టుకుంటావ్. నోర్మూసుకుని అన్నం తిను."

ఇంట్లో ఫొటోలు లేవు. ఉన్నవన్నీ అన్న ఫోనులో ఉండేవి. ఆ ఫోను రెండుసార్లు ఇంజనాయిల్లో స్నానం చేసింది. నాలుగో రోజు వదిన అటకమీంచి కొలతల పుస్తకాలన్నీ దింపింది. ముందు పేజీలు ఖాతాదార్లవి, వెనక నుంచి ఇంట్లోవాళ్ళవి. వెనక తిప్పితే మొదటి పేరు గుండీదే. పొడవు ఇరవై రెండు, ఛాతీ ఇరవై మూడు, తేదీ, పక్కన పసుప్పచ్చ ముక్క. తర్వాత ఏడాది ఇరవై ఐదు, నీలం గళ్ళు. అలా పిల్ల ఆ పుస్తకాల్లో అంగుళం అంగుళం పెరుగుతూ వచ్చింది.

"అయిపోయింది వదినా! స్కాన్ చేసి పంపేస్తా!" అని గంతేశాను.

"ఆగు. పుస్తకం నాది, రాత నాది. నా సాక్ష్యం నేనే చెప్పుకుంటే ఎవడు నమ్ముతాడు? ఈ గౌన్లు దాని ఒంటిమీద బయటివాళ్ళు చూసుండాలి."

చూశారు కూడా. పెళ్ళి బట్టలు కుట్టించుకున్నవాళ్ళు దర్జీని పెళ్ళికి పిలుస్తారు. వదిన వెళ్ళిన ప్రతి పెళ్ళికీ గుండీ కొత్త గౌనుతో వెంట వెళ్ళింది. అంటే ఊళ్ళో పెళ్ళి ఆల్బముల్లో ఎక్కడో ఒక మూల గుండీ ఉండాలి. అంతే, మర్నాటి నుంచి మధ్యాహ్నాలు కొట్టు మూసి, పుస్తకాలు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. వెనక స్కానరు మోసే గాడిదని నేను.

మందులషాపావిడ ఆల్బము ఒళ్ళో పెట్టుకుని ఇవ్వదే! "నా పెళ్ళి ఫొటోల్లో మీ పిల్లని వెతకడమేంటి? ముందు నేనెలా ఉన్నానో చెప్పు."

"బాగానే ఉన్నారండీ. ఒక్క జానెడు పక్కకి జరిగుంటే ఇంకా బాగుండేవారు. మా పిల్ల పూర్తిగా కనపడేది."

ఆవిడ పడీపడీ నవ్వి ఆల్బము చేతికిచ్చింది. పెళ్ళికూతురి భుజం వెనక నుంచి తొంగిచూస్తున్న గుండీ ముఖం, నీలం గళ్ళ చెయ్యి, ఆ చేతిలో సగం తిన్న ఐస్‌క్రీము. వదిన పుస్తకంలోని ముక్కని ఫొటో పక్కన ఆనించింది. గడికి గడి కలిసింది. కొత్తగా పదునుపెట్టిన కత్తెరలా ఆమె కళ్ళు ఒక్కసారి మెరిశాయి. పెళ్ళి తేదీ, "ఈ పిల్ల తన పిన్నితో వచ్చింది" అని ఒక వాక్యం, సంతకం రాయించుకుని లేచింది. టీ ఇస్తానన్నా కూర్చోలేదు.

ఒకచోట గుండీ ఎవరి భుజంమీదో నిద్రపోతూ దొరికింది. మరోచోట కుర్చీల కింద పాకుతూ దొరికింది, ముఖం లేదు, గౌను అంచు మాత్రం ఉంది. "అంచు నేనే కుట్టాను, నా మడత నాకు తెలీదా?" అంది వదిన గానీ, ఆ ఆల్బము మూసి తిరిగిచ్చేసింది. ముఖం లేనిది వాళ్ళకి పనికిరాదట.

ఇంకోటి కూడా తేడా కొట్టింది. పుస్తకంలో ఆకుపచ్చ ముదురు, ఫొటోలో లేత. గడువు ఇంకా నాలుగు రోజులుంది.

"నా కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కితే ముదురైపోతుంది. కనిపెట్టేదెవరు?" అన్నాను.

"మరిదిగారూ." ఆమె నోట 'గారు' వచ్చిందంటే గండమే. మౌసు నా చేతికింద నుంచి లాగేసుకుంది. "ఒక్క దొంగ కుట్టు దొరికిందనుకో, చొక్కా మొత్తం విప్పి చూస్తారు. మిగతావన్నీ పిల్ల నిజంగా తొడుక్కున్నవి. వాటిమీద మచ్చ పడనిస్తానా?"

ఇరవై ఏడో రోజున పంపాం. ఊరుకున్నారా? పది రోజులకి నాలుగో ఉత్తరం. కొలతల పక్కన రాసిన పొడి అక్షరాలేమిటో గుర్తింపున్న అనువాదకుడితో రాయించి పంపాలట. అన్న తల పట్టుకున్నాడు. వదిన టేపు పట్టుకుంది. వచ్చిన అనువాదకుడికి అర్థంకాక నీళ్ళు నములుతుంటే లేపి నిలబెట్టి, భుజం, ఛాతీ, నడుము, ఒక్కోటీ అతని మీదే కొలిచి చూపించింది. "మీ ఎడమ భుజం అరంగుళం దిగిందండీ. సంచీ ఆ పక్కే వేస్తున్నట్టున్నారు, మార్చండి" అని కూడా చెప్పింది. పాపం, ఆయన సంచీ కుడిపక్కకి మార్చుకుని వెళ్ళాడు.

నెలన్నర తర్వాత ఉత్తరం వచ్చింది. వీసాకి ముందు ఆఖరి మెట్టు, వైద్య పరీక్షకి రమ్మని. పేర్లు మూడు. మూడోది గుండీది. నేను చదవడం పూర్తిచేయకముందే గుండీ గోడకి అటువైపు వెళ్ళి వదిన నడుముని రెండు చేతులతో చుట్టేసింది. వదిన దాన్ని విడిపించుకుని, వెనక్కి తిప్పి, భుజం నుంచి మోకాలి దాకా టేపు జార్చింది. పుస్తకంలో వెనక పేజీ తీసి తేదీ వేసింది. ప్రయాణానికి కోటు కుట్టాలట.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర పదిమందిని పోగేసి కథ మొదలుపెట్టాను. నలభై ఆల్బములు, మూడొందల గుడ్డముక్కలు, చివరికి అవతలి దేశపు పెద్దాఫీసరు లేచి నిలబడి వదినకి తన కోటు కొలతలిచ్చాడనేదాకా వచ్చాను. కొట్టు తలుపు వేస్తున్న వదిన వెనక్కి తిరక్కుండానే అంది:

"ఆల్బములు పద్నాలుగు. పిల్ల పదకొండింట్లో ఉంది. రెండు సరిపోలేదు. తొమ్మిదే పంపాను. ఎవరి కోటూ కొలవలేదు."