తలుపులత్త

మా ఆఫీసులో బాత్‌రూములు కడిగే ఆవిడను అందరం తలుపులత్త అంటాం. గుమ్మంలో బకెట్టు అడ్డం పెట్టి, కిటికీ బార్లా తెరిస్తే గానీ ఆవిడ యాసిడ్ సీసా మూత తీయదు. వాసన భరించలేక మేనేజరు చిరాకు పడితే, "ముక్కు మూసుకోండి సారూ, తలుపు మాత్రం మూయకండి" అని కసురుతుంది.

ఇదివరకు ఆవిడా, తోడికోడలూ కలిసి ఒక లాడ్జిలో పనిచేసేవారు. తోడికోడలిని అక్కా అని పిలిచేది. ఒకరోజు మరకలు వదలడం లేదని ఆ అక్క, నేల మీద యాసిడ్ ఉండగానే దాని మీద బ్లీచింగ్ పౌడరు చల్లింది. రెండూ శుభ్రం చేసేవే కదా, కలిపితే ఇంకా తెల్లగా వస్తుందనుకుంది. కలిస్తే విషవాయువు పుడుతుందని లాడ్జివాళ్లు చెప్పిన పాపాన పోలేదు. సీసా మీద రాసే ఉంటుంది లెండి, చీమ తలకాయంత అక్షరాల్లో! ఘాటు వరండాలోకి వస్తే గదుల్లోవాళ్లు తిడతారని అక్క లోపల గడియ పెట్టుకుంది. దగ్గు విని తలుపులత్త పరిగెత్తుకొచ్చి తలుపు బాదింది. గడియ విరిగేలోగా దగ్గు ఆగిపోయింది.

నిన్న సాయంత్రానికి పనంతా అయిపోయింది, నేల కూడా ఆరిపోయింది. అయినా బకెట్టు గుమ్మంలోనే ఉంది. దాన్ని తీసి తలుపు వేయబోతే, అత్త నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. తలుపేస్తే లోపల అక్క దగ్గుతుంది."

"అది వినాలంటే భయమా అత్తా?"

"దగ్గుతున్నంతసేపూ భయం లేదమ్మా. ఆగిపోతుంది చూడూ, అప్పుడే."