మూడు చుక్కల ముద్ర

ఆ రోజుల్లో నిజం చెప్పడానికి నాకు నోరు పెగిలేది కాదు. అబద్ధానికైతే అడ్డూ ఆపూ ఉండేది కాదు. ‘అబద్ధమాడినా అతికినట్టుండాలి’ అన్న సామెత నన్ను చూశాకే పుట్టింది (ఇదీ అబద్ధమే, పట్టించుకోకండి). హుకుంపేట దాటాక రోడ్డు పక్క రేకుల షెడ్డులో మా అక్క మొగుడికి ఒక లేతు మిషను ఉండేది. పని బావది, మాటలు నావి. నాగలి కర్రు నుంచి జీపు బుష్షు దాకా ఏది చేసినా చివర్న దానిమీద మూడు చుక్కలు కొట్టేవాడు. చదువు రాని మనిషికి అదే సంతకం.

ఒకనాడు విశాఖ ఆసామీ ఒకాయన రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారులో, ఘాటీలో బ్రేకు పడక, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు మా దగ్గరికి చేరాడు. పెడలు తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండరు లోపలంతా తుప్పు తినేసింది. “కంపెనీ ఇది చెయ్యడం ఎప్పుడో మానేసింది. పాత సామాన్లలో ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి” అని కారు మా షెడ్డులోనే వదిలి రైలెక్కాడు. బావ వెతకలేదు. ఇనుప దిమ్మ తొలిచి, వారం రోజుల్లో వెంట్రుకవాసి తేడా లేకుండా కొత్తది చేసేశాడు. “ఒరే, ఈయన మెచ్చి ఇలాటి బళ్ళోళ్ళకి నలుగురికి నా పేరు సెప్పినాడంటే మనకిదే పని. లేపోతే లేతు వదిలేసి పట్నంలో గేట్లకి ఎల్డింగే గతి” అన్నాడు.

ఆయన తన మెకానిక్కుతో వచ్చిన రోజు బావ సంతకెళ్ళాడు. మెకానిక్కు సిలిండరు చూసి, “ఇక్కడ చేసింది కాదు కదా? బ్రేకండీ, ప్రాణాలు! రేకుల షెడ్డులో చేసింది నేను బిగించను” అన్నాడు. సిలిండరు వదిలేసి పోతారన్న భయమో, నా నాలుక దురదో, “అబ్బే, ఒక దొర వదిలెళ్ళిన కాఫీ బంగళాలో, గ్రీజు కాగితంలో చుట్టి దొరికిందండి” అనేశాను.

“మరి ఈ మూడు చుక్కలు?”

“లండన్ తనిఖీ ముద్ర!”

ఆసామీ దాన్ని కళ్ళకద్దుకున్నాడు. మెకానిక్కు బిగించాడు. తొక్కితే కారు ఠక్కున ఆగింది.

సాయంత్రం బావ సంచీ దించకుండానే, “ఏటన్నాడు? నా పేరు సెప్పినావా?” అన్నాడు.

“సెప్పాను బావా. తెగ మెచ్చుకున్నాడు.” (రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువు.)

బావ అనుకున్నట్టే అలాటి బళ్ళోళ్ళు నలుగురూ వచ్చారు, నిజమే. మా షెడ్డు ముందే ఆగి, “మూడు చుక్కల లండన్ సామాను దొరికే బంగళా ఎటండీ?” అని బావనే దారి అడిగారు. “అవి నేనే సేసినానండి” అంటే నవ్వి ముందుకి పోయారు. వాళ్ళ దుమ్ము అణిగాక బావ నా వైపు తిరిగాడు. “ఏట్రా, నా సుక్కలు దొర సుక్కలైపోనాయా?” తిట్టినా బాగుండేది. ఆ తరవాత ఆయన దేనిమీదా చుక్కలు కొట్టలేదు. ఏడాది తిరక్కుండా పట్నం వెళ్ళి, గేట్లు అతుకుతూ అతుకుతూనే పోయాడు.

మొన్న అరకులో టీకొట్టు దగ్గర అదే కారు కనబడింది. ఇప్పుడెవరో కుర్రాయనది. బానెట్టెత్తి స్నేహితులకి చుక్కలు చూపిస్తున్నాడు: “లండన్ ముద్ర. ఇలాంటిది ఇక ఎవడూ చెయ్యలేడు.” నేను గ్లాసు కింద పెట్టి, జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాను: షెడ్డు, బావ, ఇనుప దిమ్మ, నా నాలుక, అన్నీ. అంతా ఓపిగ్గా విని, నా భుజం తట్టి, “బాగుంది గురువుగారూ! కానీ అబద్ధమాడినా అతికినట్టుండాలి” అంటూ బానెట్టు దించేశాడు.

నేనూ నవ్వాను. ఇన్నేళ్ళలో నేను చెప్పినవాటిలో అతకనిది అదొక్కటే.