నేలమాళిగలో డాక్టరుగారు

డాక్టర్ రాదివోయె చనిపోయినప్పుడు శవం దగ్గర ఎవరూ కూర్చోలేదు. మా ఊళ్ళో ఈ మాట ఎవరూ పైకి అనరు. కూర్చోనివాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి అంటున్నాను.

యుద్ధం మొదలైన ఏడు, శీతాకాలంలో, విషజ్వరం ఇంటికొకరిని తీసుకుపోతోంది. ఆయన నెగోతిన్ పట్నం నుంచి గుర్రం మీద వచ్చి మా కొండపల్లెలోనే ఉండిపోయాడు. పేలు పట్టిన దుప్పట్లు తనే కాగులో ఉడకబెట్టేవాడు. మా నాన్న ప్రాణం పోయేదాకా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఆ జ్వరం ఆయనకే అంటుకుంది. పోయాక బడి గదిలో పడుకోబెట్టి, తలుపు మూసి, భయంతో ఎవరిళ్ళకు వాళ్ళం పోయాం. శవాన్ని ఒంటరిగా వదిలితే ఏమవుతుందో మాలో పసిపిల్లలకు కూడా తెలుసు. శవం మీదుగా పిల్లి దాటిందో, మరేది దాటిందో, పూడ్చిన నలభయ్యో రోజున ఆయన నెత్తురు తాగే పిశాచమై లేచాడు.

మొదట మేకలు చచ్చాయి. మగవాళ్ళు ఆయన గుండెలో దించడానికి ముళ్ళచెట్టు కొయ్య చెక్కుకుని వెతుకుతూ పోతే, ద్రాక్షసారా పీపాలు పెట్టుకునే పాత నేలమాళిగలో గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడట.

"మీ మొహాలు చూడలేనయ్యా. కొట్టేదేదో వెనకనుంచి కొట్టండి" అన్నాడట.

ఎవరి చెయ్యీ లేవలేదు. అప్పట్నుంచి పంది కోసిన ఇంటివాళ్ళు ఒక కుండెడు నెత్తురు ఆ తలుపు ముందు పెట్టి వచ్చేవాళ్ళు. ఆయన ఎనిమిదేళ్ళు బయటికి రాలేదు.

ఎనిమిదో ఏడు నవంబరులో నా కూతురు విదోసవకు గొంతు వాచింది. నాలుగేళ్ళ పిల్ల. మా ఆయన డాన్యూబ్ నది మీద పడవ పనిలో ఉన్నాడు. పట్నం దారంతా పొగమంచు.

"వెళ్ళి ఆయన్ని పిలుచుకు రావే" అంది మా అత్త పెర్సిదా.

"ఎవర్నీ?"

"పేరు నా నోట పలికించాలని చూస్తున్నావా?"

"ఆ పేరెత్తితే నోరు ఉప్పుతో కడుక్కోమన్నది మీరే కదత్తా!"

"ఉప్పు సంగతి తర్వాత చూద్దాం. పిల్ల నీలంగా అయిపోతోంది, పో!"

పిల్ల సంగతి చెప్పగానే నేలమాళిగ తలుపు అవతలినుంచే అడిగాడు. "గొంతులో తెల్లటి పొర ఉందా?"

"ఉందండీ."

"గాలి పీలిస్తే డొక్కలు లోపలికి పోతున్నాయా?"

"పోతున్నాయి."

"గొంతు కోసి గొట్టం పెట్టాలి స్తామెనా. నెత్తురొస్తుంది. కొయ్య తెచ్చుకో, వస్తాను."

మొహానికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. మా ఎవరివంకా కళ్ళెత్తలేదు. కత్తి ఉడకబెట్టి, నన్ను కొయ్యతో తన వెనక నిలబెట్టాడు. "నా తల పిల్ల మెడ మీదికి వంగిందా, ఆలోచించకు. దించెయ్."

కోశాడు. నెత్తురు చూడగానే ఆయన వీపంతా వణికింది. గొట్టం దించాడు. పిల్ల రెండుసార్లు ఊపిరి తీసి ఆగిపోయింది. ఆయన గుడ్డ లాగేసి వంగాడు. నేను పొడిచాను.

కొయ్య భుజంలో దిగింది. ఆయన వెనక్కి తిరగలేదు. కొయ్య అలాగే ఉండగా, గొట్టానికి అడ్డంపడిన పొరను నోటితో పీల్చి తొట్టిలో ఉమ్మాడు. మళ్ళీ పీల్చాడు. మూడోసారికి విదోసవ ఊపిరి బుస్సుమంటూ వచ్చింది.

"నీ చేతులు పడిపోనూ! బతికిస్తున్నవాణ్ణి పొడుస్తావటే!" అని అత్త అరిచింది.

"ఆవిడ తప్పేం లేదమ్మా. నేనే చెప్పాను" అన్నాడాయన. కొయ్య తనే పీక్కుని, గోడకు ఆనించి, పొగమంచులోకి వెళ్ళిపోయాడు.

మూడోనాడు ఆ తలుపు దగ్గరికి వెళ్ళాను. "క్షమించండి డాక్టరుగారూ. మీరు పొర తీయడానికి వంగారు, నేనేమో..."

"పొర తీయడానికే వంగాను. మొదటిసారి ఉమ్మేశాను కూడా. రెండోసారి మింగాను స్తామెనా. తెలిసే మింగాను, నీ పిల్ల నెత్తురు. నువ్వు సరిగ్గానే పొడిచావు. గురి కాస్త తప్పింది, అంతే."

"పిల్ల పాలు తాగుతోంది" అని మాత్రం అన్నాను. అవతల ఏడుపు వినబడింది.

ఊళ్ళో అందరూ నన్నే అడిగారు. అంతా ఉమ్మేశాడనే చెప్పాను. ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను. నిజానికి, నా కూతురు నెత్తురు ఆయన కడుపులో పడిందంటే రేపు అదీ అలాంటిదే అవుతుందని వెలివేస్తారని భయపడ్డాను. ఊరు పొంగిపోయింది. ఆ ఆదివారం రొట్టె, కొవ్వొత్తులు పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడి, "మహానుభావుడివయ్యా, చుక్కయినా ముట్టలేదు!" అని దణ్ణాలు పెట్టారు. పిల్లల్ని ఎత్తి చూపించారు.



జనం వెళ్ళాక పిలిచాడు. "ఎందుకు చెప్పావలా? గోడవైపు తిరిగి కూర్చుంటే కాస్త తెరిపిగా ఉండేది. ఇప్పుడు గోడవతల కూడా దణ్ణాలే."

"రేపే నిజం చెప్పేస్తానండీ" అన్నాను. చెప్పలేదు. ఎల్లుండీ చెప్పలేదు.

ఆ చలికాలం పెట్టిన నెత్తురు కుండలు పెట్టినట్టే గడ్డకట్టాయి. ఈస్టరు పండక్కి ముందు మగవాళ్ళు తలుపు పగలగొట్టారు. లోపల పీపాలు తలుపుకు అడ్డంపేర్చి ఉన్నాయి. ఆయన ఎండిన తీగలా, చిన్నపిల్లాడంత అయిపోయి పడి ఉన్నాడు.

మళ్ళీ పూడ్చేటప్పుడు ఫాదరీ, "ఈయన గురించి ఎవరైనా ఒక మాట చెబుతారా?" అని అడిగాడు. నోరు తెరిచాను. పక్కన విదోసవ నా చెయ్యి పట్టుకుని, మెడ మీది మచ్చ గోక్కుంటోంది. అందరూ నావైపే చూస్తున్నారు.

"మంచి డాక్టరు" అని ఊరుకున్నాను.