ఐదుతో మొదలైన అంకె

ఆ ఆదివారం నేను చేసిన తప్పు చిన్నదే. వాచీ వెనక మూత తీసే ముందు అందులో ఉన్న అంకెను రాసుకోలేదు. ఆ తర్వాత ఆడిన అబద్ధం మాత్రం చిన్నది కాదు.

తొంభైల చివర్లో తిరుపతిలో ఉద్యోగం చేస్తూ జపాన్ పాత స్పోర్ట్స్ వాచీలు పోగుచేసేవాణ్ణి. సెలవు దొరికితే మద్రాసు బస్సెక్కి పాత సామాన్ల అంగళ్ళు తిరగడం, దొరికినవి విప్పి తుడిచి బతికించుకోవడం. ఇంట్లో డబ్బా నిండా వాచీలున్నా ధ్యాసంతా లేనిదాని మీదే. తలచుకుంటే ఇప్పటికీ అలసట.

ఆ రోజు, నేను వాచీలు బాగుచేస్తానని ఎవరో చెబితే విని, ఐరాల నుంచి ఒక డ్రిల్లు మాస్టారు మా ఇంటికి వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఆయన చేతికున్నది నేను ఏళ్ళుగా వెతుకుతున్న వాచీ. పైన ముళ్ళు, కింద అంకెల కిటికీ. పరుగు పందేల కోసం చేసింది. ఓడలో పనిచేసే బావమరిది ఎప్పుడో తెచ్చిచ్చాడట.

"ఈ వయసులో పదిహేను వందల మీటర్లు ఆరు నిమిషాల్లోపల పరిగెత్తలేనని మా టీ అంగడి కాడ ఎగతాళి చేసినారప్పా. నిన్న పొద్దున ఒక్కణ్ణే పరిగెత్తినా. టైము దీంట్లోనే ఉండాది. అంకెలు మసకబారినాయి. బ్యాటరీ మార్చిస్తే వాళ్ళకు సూపిస్తా."

ఆయన మాట చెవిన పడుతూనే ఉంది. నా మనసు మాత్రం ఈయన దీన్ని మార్పిడికి ఇస్తాడా అన్నదానిమీదే ఉంది. బ్యాటరీ తీస్తే దాచిన టైము పోతుందని నాకు తెలుసు. కిటికీని వెలుతురుకు వంచి ఒక్కసారి చూశాను కూడా. మరుక్షణం మూత విప్పేశాను. కొత్త బ్యాటరీ వేసి, ఈ రకం వాచీలకు అలవాటుగా చేసినట్టే, వాచీ మొదటినుంచి నడిచేలా లోపలి రీసెట్ చుక్కను పట్టకారుతో తాకించాను. అంకెలు నల్లగా, నిండుగా తేలాయి. అన్నీ సున్నాలే.

మాస్టారు బటను మళ్ళీ మళ్ళీ నొక్కాడు. "యాడబోయినాదప్పా?"

"ముందే పోయినట్టుండాది సార్. నేను విప్పేసరికి ఏమీ లేదు" అన్నాను.

మరుసటి ఆదివారం ఐరాల వెళ్ళాను. క్షమాపణ అడగడానికి కాదు, వాచీ అడగడానికి. మాస్టారు టీ అంగట్లోనే ఉన్నాడు. చేతికి వాచీ లేదు.

"తిరుపతి వాచీలాయన ఈయనేనా సారూ?" అన్నాడు పక్కనున్నాయన. "ఏమప్పా, మా సారు పరిగెత్తింది నేలమీదనా, కలలోనా?"

"ఆరు నిమిషాల్లో సారు టీ తాగేదే కష్టం" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. మాస్టారు గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాడు.

నేను వాళ్ళవైపు తిరిగాను. "టైము చెరిపింది నేనే. రాసుకోకుండా బ్యాటరీ తీసినాను. సారుకు అబద్ధం చెప్పినాను. తీసేముందు నా కళ్ళతో చూసినా. మొదటి అంకె ఐదు. మిగతావి గుర్తులేవు."

"ఐదేనా? ఒట్టేనా?"

"ఐదే."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు గ్లాసు కింద పెట్టాడు. "ఆ పొద్దే ఈ మాట చెప్పింటే సరిపోయేది గదప్పా. వారం దినాలు నన్ను అబద్ధాలకోరును చేసినావే."

మార్పిడికని తెచ్చిన రెండు వాచీలూ జేబులోనే ఉన్నాయి. వాటి మాట ఎత్తకుండా తిరుపతి బస్సెక్కాను.