నాయిన ప్యాంటులో నాలుగు కుట్లు

పెళ్లికి మూడు నెలలు ఉందనగా నాకు నా పొట్ట గుర్తొచ్చింది. అప్పటిదాకా అది నాతోనే ఉంది గానీ, మేమిద్దరం ఒకరినొకరు పట్టించుకోలేదు. మా నాయిన దర్జీ. కొత్తపేటలో మా ఇంటి ముందుగదే ఆయన కొట్టు. నా పెళ్లి సూటు తనే కుడతానని, దిల్‌సుఖ్‌నగర్‌లో రెడీమేడ్ కొంటే పెళ్లికే రానని ముందే చెప్పేశాడు. నా నడుము చుట్టూ టేపు వేసి, సూటు కోసం తెచ్చిన గుడ్డ వంక చూశాడు.

"గుడ్డ సాలదు బిడ్డా. నువ్వన్న తగ్గు, లేకుంటే ఇంకో మీటరన్న పట్కరా."

నేను తగ్గుదామనుకున్నాను. జిమ్ములో పరిచయమైన ఒకడు సన్నబడే మాత్రల పేరు చెప్పాడు. తిన్న కొవ్వు ఒంటికి పట్టకుండా అలాగే బయటికి పంపేస్తాయట. ఏ డాక్టరునీ అడక్కుండా తెచ్చుకుని మింగాను. మూడో రోజు పొద్దున కమోడ్ నీళ్ల మీద నారింజ రంగు నూనె తేలింది, అచ్చం మా అమ్మ పెట్టే మామిడికాయ తొక్కు మీద తేలినట్టు. రెండుసార్లు ఫ్లష్ చేసినా పోలేదు. నా పొట్టే కరిగి పోతోందని నేను మురిసిపోయాను.

ఇంట్లో ఉన్నది ముగ్గురం, బాత్‌రూమ్ ఒకటే. దాన్ని కడిగేది అమ్మ. ఆమె ఆ నూనె చూసి, తప్పంతా కొత్తగా తెస్తున్న గానుగ నూనెదేనని తేల్చింది. కల్తీ నూనె అని డబ్బా పక్కన పెట్టింది. మరుసటి రోజు నుంచి పప్పుకి పోపు లేదు, వంకాయలు ఉట్టి నీళ్లలో ఉడికాయి. ఉప్పు ఒక పలుకు తగ్గితే కంచం పక్కకి నెట్టే నాయిన ఆ వంకాయలు నోరెత్తకుండా తిన్నాడు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

వారం తిరక్కుండానే నా వల్ల కాలేదు. నూనె నాదేనని, మాత్రలు మింగుతున్నానని ఒప్పేసుకున్నాను.

"తిన్న తిండి ఒంటికి పట్టొద్దని మందులు మింగుతరారా ఎవలన్న?" అంది అమ్మ. నాయిన మెషిన్ దగ్గర కూర్చుని అందరికంటే ఎక్కువ నవ్వాడు. మాత్రలు చెత్తబుట్టలోకి, పోపు పప్పులోకి చేరాయి.

రెండు వారాలు గడిచాయి. ఒక పొద్దున అమ్మ చీపురు పట్టుకునే నా దగ్గరికి వచ్చింది.

"మళ్ల మింగుతున్నవా?"

ఒట్టేశాను, నమ్మలేదు. లాక్కెళ్లి చూపించింది. ఈసారిది నారింజ రంగు కాదు. పాలిపోయి, బూడిద రంగులో, జిడ్డుగా కమోడ్ గోడలకు అంటుకుని ఉంది. కుళ్లు వాసన. అది నాది కాదు.

ఆ రోజే ఇస్త్రీకి ఇవ్వడానికి బట్టలు తీస్తుంటే నాయిన ప్యాంటు తిరగబడి చేతికొచ్చింది. నడుము వెనక కుట్టు చూశాను. ఒక వరస పక్కన ఇంకో వరస, ఒకదానికంటే ఒకటి లోపలికి, నాలుగు వరసలు. మామూలు మనిషి చిక్కిపోతే ప్యాంటు జారుతుంది, బెల్టుకి కొత్త రంధ్రం పడుతుంది, ఇంట్లోవాళ్లు అడుగుతారు. దర్జీ చిక్కిపోతే ఎవరికీ తెలియదు. నాకు భయం వేసింది, దాని వెనకే కోపం వచ్చింది.

"నాయినా, జర నిలబడు" అని ఆయన టేపే ఆయనకు చుట్టాను. కొట్టు కొలతల పుస్తకంలో ఆయన పాత కొలత ఉంది. నాలుగు అంగుళాలు తక్కువ.

"ఎన్ని దినాలాయె?"

"మూడు నెలలైతది."

"చెప్పకపోతివేంది?"

"లగ్గం ముందట దవాఖాన ముచ్చటెందుకు? నువ్వే వచ్చి నూనె నాదంటివి. నేను ఊకున్న."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుని ముందుకొచ్చింది నేను, నవ్వుతూ కూర్చున్నది అసలు మనిషి.

మర్నాడే నాయిననీ, వెంట అమ్మనీ ఎల్బీ నగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమెది కోస్తా వైపు. అంతా విని నిదానంగా చెప్పింది.

"ఒక పూట బిర్యానీ ఎక్కువై జిడ్డుగా వెళ్తే కంగారు పడక్కర్లేదండి. వారాల తరబడి అలాగే వెళ్తూ మనిషి చిక్కిపోతుంటే మాత్రం ఆగకూడదు. కొవ్వును అరిగించే రసాలు క్లోమంలో తయారవుతాయి. అవి తగ్గినా, పైత్యరసానికి అడ్డు పడినా, చిన్నపేగు దెబ్బతిన్నా, కడుపులో క్రిములు చేరినా ఇలా అవుతుంది. కొన్ని మందుల వల్ల కూడా." ఆ చివరి మాటకి అమ్మ నావైపు చూసింది. "కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, తట్టుకోలేని కడుపునొప్పి, జ్వరం, మలంలో రక్తం ఉన్నా అదే రోజు పరుగెత్తాలి."

బీడీలు, కల్లు సంగతి అడిగింది. "కల్లు పండుగకే మేడం" అన్నాడు నాయిన.

"వారానికి ఎన్ని పండగలండీ మీకు?"

నాయిన ఫ్యాను వంక చూశాడు.

మలం పరీక్ష, రక్త పరీక్ష, స్కానింగ్ రాసింది. రిపోర్టులు రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నాయిన నా కోటుకి కాజాలు కుట్టాడు, నేను పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చాను. ఆయన లేని పెళ్లి నాకు వద్దనిపించింది.

గడ్డలాంటిదేమీ లేదని డాక్టరమ్మ చెప్పాకే నేను కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను. క్లోమం నీరసించిందట. కల్లు, బీడీ బంద్. అన్నం తినేటప్పుడల్లా అన్నంతో పాటే ఆ అరిగించే రసాలున్న ఒక క్యాప్సూల్.

"కొడుకేమో నూనె పట్టొద్దని మింగె, తండ్రేమో పట్టాలని మింగవట్టె. మంచిగున్నది నా సంసారం" అంది అమ్మ, మొదటి క్యాప్సూల్ కంచం పక్కన పెడుతూ. చాలా రోజుల తర్వాత ఆ పూట నాయిన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

నా పొట్ట ఎక్కడిదక్కడే ఉంది. చివరికి ఇంకో మీటరు గుడ్డ తెచ్చాను.

పెళ్లికి ముందు నన్ను పసుపుతో ముంచిన రోజు, నాయిన తన ప్యాంటు, బ్లేడు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఒక వరస ఇప్పు. నడుము కాడ బిగుతైతున్నది."

తన కుట్టు మీద ఇంకొకరి చేయి పడనివ్వని మనిషి. నేను తల వంచుకుని, పసుపు చేతులతోనే ఆ దారం ఒక్కో పోగూ తెంపాను. నడుము పట్టీ లోపల నా బొటనవేలి పసుపు మరక పడింది. దాన్ని రుద్ది ఉతకొద్దని ఆయన అమ్మకి చెప్పాడు. మిగిలిన మూడు వరసలూ ఆ ఏడాదిలోనే, ఒక్కొక్కటిగా, నా చేతే విప్పించుకున్నాడు.